వదిన నేర్పిన టాకా

మోకాలి ఆపరేషను చేయించుకుని బొల్లారంలో మా అమ్మాయి ఇంటికి వచ్చిన మర్నాడే నా పేరు మీద ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. విప్పితే నాలుగు కాళ్ళ స్టాండు, వాకరంటారే, అది. తళతళలాడుతూ, చిటికెనవేలితో ఎత్తగలిగేంత తేలికగా, బొత్తాం నొక్కితే మడతపడి మంచం కిందకి దూరిపోయేలా ఉంది. మా అమ్మాయి దాని గుణగణాలన్నీ చెప్పుకుపోతుంటే నేను మాత్రం కళ్ళజోడు పెట్టుకుని దాని అతుకులు వెతుకుతున్నాను. ఎంత వెతికినా ఒక్క అతుకు కనిపించలేదు, అన్నీ బొత్తాలూ మరలూ ప్లాస్టిక్ మూతలే. అతుకు చూడనిదే ఏ వస్తువునూ నమ్మలేని జబ్బు నాకు మా వదిన దగ్గర అంటుకుంది, ఈ వయసులో ఇక వదిలేది కాదు.

వదిన అంటే మావారి అక్కగారు. నన్ను గోదావరి జిల్లాలో అమ్మమ్మ పెంచింది. సికింద్రాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనమామ తెచ్చిన సంబంధం కావడంతో పెళ్ళై తిన్నగా బోయిగూడలో దిగాను. ఇరుకు సందు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టుండే ఇళ్ళు, మా ఇంటి ముందు భాగంలో రేకుల షెడ్డు, ఆ షెడ్డులో వదిన. ఆవిడ భర్త ఇనప మంచాలూ కుర్చీలూ చేసేవారట. నేను వచ్చేనాటికే ఆయన లేరు, ఆయన నేర్పిన పని మాత్రం వదిన చేతుల్లో ఉంది. కుచ్చిళ్ళు ఎగదోపి, పైట నడుముకు బిగించి, నల్లద్దాలు కళ్ళ మీదికి దించుకుని, గ్యాసు మంటను సన్నని నీలిమొనగా సరిచేసుకుని ఆవిడ పైపు మీదికి వంగిందంటే, సందులో వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణమైనా ఆగకుండా పోయేవారు కాదు. ఆ అతుకు చల్లారాక చూస్తే పళ్ళెంలో వరుసగా పేర్చిన గవ్వల్లా ఉండేది. వినయం అన్నది ఆవిడకు తెలియదు. తన అతుకును తానే వేలితో తడుముకుంటూ, తన భర్త కూడా ఇంత అందంగా వేసేవాడు కాదని, పోయిన మనిషి వింటున్నాడేమో అన్నట్టు కాస్త గొంతు పెంచి మరీ చెప్పేది. నాకు ఆ గొప్పలు వినడం ఎంత ఇష్టమో!

కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ మాట నాకూ, నా మాట వాళ్ళకూ సగమే అర్థమయ్యేది. ఒకరోజు షెడ్డులోంచి వదిన, "టాకాలెయ్యాలె, జెర జల్ది రావే" అని కేక వేసింది. టాకాలంటే ఏమిటని వంటింట్లో ఉన్న అత్తయ్యను అడిగితే కుట్లు అని చెప్పింది. నేను మహా ఉత్సాహంగా సూది, నల్లదారం, కత్తెర పట్టుకుని పరుగెత్తాను. రెండు ఇనప పైపులు ఒకదానికొకటి ఆనించి నిలబడిన వదిన నా చేతిలోని సూదిని చూసి, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, పైపులు కింద పడేసి మరీ నవ్వింది. పైపులు కదలకుండా మొదట అక్కడక్కడా చుక్కల్లా కరిగించి అంటించడాన్ని కూడా అక్కడ టాకా అనే అంటారని నాకేం తెలుసు? సాయంత్రానికి సందు సందంతా నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం వదిన నన్ను పిలవాలంటే సూదీదారం అనే పిలిచేది, నేనూ పలికేదాన్ని.

అలా నవ్వుతూ గడిచిపోతున్న రోజుల్లో అత్తయ్య మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చిన్న మనిషి, చేతులు చీపురుపుల్లలు, కానీ అభిమానం మాత్రం చెప్పలేనంత. ఆస్పత్రి నుంచి వచ్చాక బాత్రూముకు కూడా మనిషి సాయం కావలసి రావడంతో, మేము పట్టుకుని తీసుకెళ్ళిన ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చేది. మంచినీళ్ళు తాగడం మానేసింది, ఎందుకో మాకు తెలుసు. స్టాండు పట్టుకుని నడవాలని డాక్టరు చెప్పారు. మళ్ళీ పడితే మాత్రం ఇక మంచమే అని కూడా చెప్పారు. అప్పట్లో దొరికిన స్టాండ్లు మేమే ఎత్తలేనంత బరువు, అత్తయ్య వాటిని అంగుళం కూడా జరపలేకపోయింది. అందుకని వదిన రాణీగంజ్ వెళ్ళి, అట్టముక్కంత పలచటి గోడలున్న సన్న పైపు ఏరి తెచ్చింది. ముక్కలు కోసింది, వంచింది. ఇక అతకడమే తరువాయి అనుకుంటుండగా, అన్నేళ్ళు మంటతో ఆడుకున్న మనిషి, అన్నం గంజి వారుస్తూ కుడిచెయ్యి కాల్చుకుంది.

చేతికి తెల్లగుడ్డ చుట్టించుకుని వచ్చి, ఎవరినో పిలుద్దామన్న మావారి నోరు ఒక్క చూపుతో మూయించి, నల్లద్దాలు నా మొహానికి పెట్టింది. "మా అమ్మ పట్టుకొని నడిచేది గిది. బయటోళ్ళ చెయ్యి పడొద్దు. నువ్వే ఎయ్యాలె" అంది. అత్తయ్య బరువంతా మోయవలసిన అతుకు నా చేతిది అయితే ఎలా అని రెండు రోజులు అన్నం సహించలేదు.

నైలాను చీర విప్పించి నూలుచీర కట్టించడంతో మొదలైంది నా చదువు. తుక్కు పైపు ముక్కలు ముందు వేసింది. మంట ఆనించి ఏం జరుగుతుందోనని చూస్తున్నానా, ఎర్రబడిన పైపు కాస్తా చటుక్కున కరిగి బొక్క పడిపోయేది. భయపడి మంట దూరం పెడితే అతుకు నింపే ఇనపతీగ కరిగి పైపు మీద ముద్దలా కూర్చునేది తప్ప అంటుకునేది కాదు. నా వెనకే నిలబడి వదిన, "మంటతోని ముచ్చట పెడుతున్నవా ఏందీ? నడువు, నడువు" అని ఎడమచేత్తో వీపు మీద తట్టేది. బొక్కలే బొక్కలు. ఒకరోజు గ్యాసు మంట ఆర్పేసి, నావల్ల కాదని అక్కడే కూలబడ్డాను.

వదిన తిట్టలేదు. నా పక్కనే బతుకుతున్న మనిషి కదా, ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. "బట్ట కుడితే ముందుగాల ఏం చేస్తవే?" అని అడిగింది. జరిగిపోకుండా అక్కడక్కడా కచ్చాకుట్టు వేస్తానన్నాను. ఒకవైపే లాగి కుట్టుకుపోతే ఏమవుతుందని అడిగితే, బట్ట ముడతపడి వంకర పోతుందన్నాను. "మరి గిది సుత గంతేనే, సూదీదారం! ఈడొక టాకా, ఎదురుంగ ఒక టాకా. సల్లారనియ్యి. మల్ల ఇంకో పక్క." అంతే, ఎవరో తెర తీసినట్టయింది. రెండు పైపులూ సందు లేకుండా కరుచుకునేలా ఆకురాయితో రాయడం, మెరిసేదాకా తుప్పు గీకడం, ఎదురెదురుగా టాకాలు వేయడం, కొంచెం అతికి ఆగడం, ఇంకోవైపు తిరగడం, అన్నీ నా చేతులకు ముందే తెలిసినట్టు అనిపించాయి. కరిగిన చుక్క తళుక్కున తడిగా మెరిసి రెండు అంచులనూ తాకిన క్షణంలో తీగను ముంచి ముందుకు జరగాలి. మొదటిసారి అలా కుదిరినప్పుడు వదిన వక్కపలుకు ఒకటి తీసి నా నోట్లో పెట్టింది.

అన్ని అతుకులూ అయ్యాక పిడి కింది అడ్డపైపు ఒక్కటే మిగిలింది. చుట్టూ వేసుకొచ్చి ఆఖరి సందు మూయబోతుంటే బుస్సుమని కరిగిన లోహం బయటికి చిమ్మింది. మళ్ళీ వేస్తే మళ్ళీ చిమ్మి బొక్క పెద్దదయింది. నేను ఏడుపు మొహం పెట్టాను. వదిన వంగి చూసి, నుదురు కొట్టుకుంది. "అరె, దమ్ము సంగతి చెప్పుడు మర్సినగదా! రెండు దిక్కులా మూస్తివి, పైపు దమ్ము ఎట్ల తీసుకోవాలె?" లోపల వేడెక్కిన గాలికి దారిలేక తంటాలన్నమాట. పైపు అడుగున నాచేత సన్న రంధ్రం వేయించింది, ఆ తర్వాత అతుకు బుద్ధిగా కుదిరింది. కానీ ఆ పెద్ద బొక్క పూడ్చేసరికి పిడి దగ్గర బఠాణీ గింజంత బుడిపె ఒకటి మిగిలిపోయింది.

పరీక్ష వదినే చేసింది. నేలకేసి కొట్టింది, సుత్తితో ఒక్కో అతుకునూ మోగించింది, చివరికి మంచి ఒళ్ళున్న మనిషి, తన బరువంతా దానిమీద వేసి వేలాడి ఊగింది. ఎక్కడా చిటుక్కుమనలేదు. అప్పుడు తీసుకెళ్ళి అత్తయ్య ముందు పెట్టాం. అత్తయ్య దాన్ని ఎత్తి చూసి, తేలికగా ఉందని ఆశ్చర్యపడి, ఒక అడుగు, ఇంకో అడుగు వేసుకుంటూ బాత్రూములోకి వెళ్ళి మా మొహాల మీదే తలుపు వేసుకుంది. తలుపు ఇవతల వదినా నేనూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డాం. బయటికి వచ్చి అత్తయ్య అడిగిన మొదటి మాట మంచినీళ్ళు.

ఆ బుడిపెను ఆకురాయితో నునుపు చేద్దామని మర్నాడు నేను వెళితే అత్తయ్య ఒప్పుకోలేదు. "దాన్ని గీకకు. గది నా కోడలి టాకా. బొటనేలు ఆన్తాంటే ధైర్యంగుంటది" అంది. చివరిదాకా దాన్ని పట్టుకునే నడిచింది. తర్వాత అది వదినకు ఆసరా అయింది. ముసలితనంలో కూడా వచ్చినవాళ్ళకు అతుకులన్నీ చూపించి, నేర్పింది తనేనని, తన అంత బాగా మాత్రం రాలేదని చెప్పుకునేది.

ఇప్పుడు వదిన లేదు. షెడ్డున్న చోట సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. అల్లుడిచేత పాత స్టాండు అటక మీంచి దింపించాను. రంగు పోయింది, కాళ్ళకు రబ్బరు బిళ్ళలు అరిగాయి, వాటికోసం తిరిగితే ఎక్కడా ఆ కొలత దొరకలేదట. మా అమ్మాయి, కొత్తది విరిగినా భయం లేదమ్మా, మార్చి ఇంకొకటి ఇస్తారు అని ధైర్యం చెప్పింది. పాపం, దాని మంచితనం దానిది. విరిగితే మార్చడానికి మాకు ఇంకో అత్తయ్య లేదు, అందుకే వదిన దానిమీద వేలాడి చూసిందని దానికి ఎలా చెప్పను? పాత స్టాండు పట్టుకుని లేచాను. వెతక్కుండానే బొటనవేలు బుడిపె మీదికి వెళ్ళింది. నేను వేసినప్పుడు గరుగ్గా ఉండేది, అత్తయ్య వేలు దాన్ని నున్నగా అరగదీసింది.