ముహూర్తానికి ఎగిరిపోయిన అణువులు

ఇవాళ జనం చేతుల్లో వెలిగే ఫోన్ తెరలకు పైపూత కనిపెట్టింది నేనేనని పార్కులో నడకకు వచ్చే మిత్రులకు చెబుతుంటాను. అబద్ధం. నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ మీది గదిలో కూర్చుని, మంచి పూతను పనికిరాదని తేల్చాను. నిజంగా చేసింది అదే.

అమీర్‌పేట గోడలు కనబడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు కప్పేసిన రోజులు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఖాళీగా ఉండలేక, నా పాత విద్యార్థినితో కలిసి చిన్న ఆఫీసు తెరిచాను. ఆమెది టోలిచౌకి. ఒక విదేశీ కంపెనీ మమ్మల్ని పరీక్షించడానికి ఒక పని ఇచ్చింది. కరెంటు పారితే వెలుగునిచ్చే ప్లాస్టిక్ పొర ఒకటుంది. తేమ తగిలితే పాడవుతుంది. దాని మీద వేసే పూత అంటుకుని నిలుస్తుందా, ఊడిపోతుందా? కంప్యూటర్లో అణువులను కదిలించి చూసి చెప్పాలి. సరిగ్గా చెబితే ఏడాది పని. తప్పితే ఆఫీసు మూత, ఆ అమ్మాయి మొదటి ఉద్యోగమూ మూత.

మా కంప్యూటర్లు ఆ లెక్కకు చాలవు. కింది అంతస్తులో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే స్టూడియో ఉండేది. దాని యజమాని భీమవరం మనిషి. తన మెషిన్లు వాడుకోమన్నాడు, ఒక్క షరతు మీద.

“మాస్టారూ, ముహూర్తం లేకుండా మా సిస్టమ్స్ మీద ఏ పనీ మొదలవదండి. బుధవారం తొమ్మిదీ ఇరవై రెండు. కొబ్బరికాయ నాది, స్విచాన్ మీది.”

బుధవారం తొమ్మిదింపావుకు అమ్మాయి నా చెవి దగ్గరకు వచ్చింది. “సార్, జర ఆగుండ్రి. అణువులు ఒకదాని మీదొకటి ఎక్కి కూసున్నయ్. ముందుగాల వాటిని సర్దాలె. రెండు గంటలు పడ్తది.”

“ముహూర్తం దాటిపోతుందమ్మా!”

నాకు ముహూర్తాల మీద నమ్మకం లేదు. దండ వేసిన కంప్యూటర్, చుట్టూ స్టూడియో జనం, ఫోటోకు సిద్ధంగా కెమెరా. చూసి ఉబ్బిపోయాను. నొక్కేశాను.

మధ్యాహ్నానికి కంప్యూటర్ తెర మీద పూత అంతా పొరను వదిలి గాల్లో తేలుతోంది. వెంటనే కంపెనీకి ఫోన్ చేశాను. “మీ పూత నిలవదు. ముప్పయ్యేళ్ల అనుభవంతో చెబుతున్నాను.” ఇటువంటి పనిలో నా అనుభవం ముప్పై రోజులు.

మర్నాడు పొద్దున అమ్మాయి కాగితాలు నా ముందు పెట్టింది. “గివి చూడుండ్రి. ఎక్కి కూసున్న అణువులు ఒకదాన్నొకటి తన్నుకుని, లెక్క మొదలైన క్షణంలనే వేడి లక్షల డిగ్రీలకు ఎక్కింది. పూత ఊడలే సార్. మనమే తన్ని లేపినం.”

“కరెంటు పోయి లెక్క చెడిందని చెబుదాం.”

“కరెంటు మీదికి ఎందుకు తోస్తరు? రిపోర్టు మీద నా పేరుంటది.”

ఆమె గొంతు పెంచలేదు. ఫోన్ నా వైపు జరిపింది, అంతే. ఉన్నదున్నట్టు చెప్పాను, కొబ్బరికాయతో సహా. అవతలి మనిషి ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకుని, సోమవారం దాకా గడువిచ్చాడు.

కిందికి దిగి మళ్లీ మెషిన్లు అడిగాను. “ఇవాళ మంచి ఘడియ లేదండి,” అన్నాడు యజమాని.

“లేకపోతే లేదు. ఈసారి అణువులు సర్దుకునేదాకా ఎవరూ ఏదీ నొక్కరు. నేనూ నొక్కను.”

నా మొహం చూసి అతను మెషిన్ల గది తాళం చేతిలో పెట్టాడు. అమ్మాయి ఒక్కొక్క అణువు గుంపునూ విడదీసి, కుదురుకోనిచ్చి, కొంచెం కొంచెంగా వేడి పెంచింది. ఆమె చెప్పిన అంకెలు నేను నోట్‌బుక్‌లో రాశాను. ఆ మూడు రోజుల్లో నేను చేసిన సైన్సు అంతే.

పూత అణువులు ఊగాయి, వంగాయి, పొరను మాత్రం వదల్లేదు. అక్కడక్కడ తేమ దూరే సందులు మిగిలాయి. ఆ సందులు రాయకుండా వదిలేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. ఆమె రాసింది.

వారం తర్వాత, ఏడాది పని ఇస్తున్నట్టు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఆమె ఒక్కదాని పేరు మీద. రెండుసార్లు చదివి, ఆమె బల్లను కిటికీ దగ్గరికి జరిపాను. నాది తలుపు పక్కకు లాక్కున్నాను.