మస్తానన్న గుండెకు పెట్టిన కరెంటు

2022లో నేను సౌదీ అరేబియాలో, హాయిల్ ఊళ్లోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సును. ఒక మధ్యాహ్నం మస్తానన్నను తీసుకొచ్చారు. మాది గుంటూరు, ఆయనది కడప పక్క పల్లె. కూరగాయల లారీ డ్రైవరు. గుండె లయ తప్పి అదుపు లేకుండా కొట్టుకుంటోంది. నేను తెలుగులో పలకరించేసరికి అంత ఆయాసంలోనూ "మన మాట ఇనపడింది, ఇంగ బతికినట్టే" అని నవ్వాడు. అప్పుడే నచ్చేశాడు నాకు.

మందులకు లయ కుదుటపడలేదు. బీపీ పడిపోతోంది. కార్డియోవర్షన్ చేయాల్సిందేనన్నారు డాక్టరు. అంటే మత్తిచ్చి, ఛాతీకి అంటించిన ప్యాడ్ల గుండా క్షణంపాటు కరెంటు పంపి గుండెను దారిలో పెట్టడం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. నేను ఛాతీ షేవ్ చేస్తూ, షాక్ ఇచ్చేటప్పుడు మంచాన్ని ఎవరూ ముట్టుకోవద్దని పక్కవాళ్లకు చెబుతున్నాను. ఆయన చటుక్కున నా చెయ్యి పట్టుకుని ససేమిరా వద్దన్నాడు.

సంగతేమిటంటే, లారీలో లోడు దించేదాకా ఈయనకు ఫోన్లో వీడియోలే కాలక్షేపం. అమెరికాలో మరణశిక్షకు వాడే కరెంటు కుర్చీ చరిత్రంతా అలా చూసేశాడు. ఉరి కన్నా తేలికైన చావని వందేళ్లకు పైగా కిందట దాన్ని మొదలుపెట్టారట. తీరా మొదటి మనిషికే ఒకసారి సరిపోక రెండోసారి పెట్టారట. ఇప్పుడు చాలావరకు ఇంజెక్షనే ఇస్తున్నా కొన్ని రాష్ట్రాల్లో ఆ కుర్చీ ఇంకా చట్టంలో ఉందట. పూసగుచ్చినట్టు చెబుతుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"ఆడ తల గొరిగి, ఉప్పునీళ్ల స్పాంజి పెడతారు. ఈడ ఛాతీ గొరిగి, జిగురు అంటిస్తాండారు. కడాకు అందరూ ఎనక్కి జరుగుతారు. ఆడా అంతే గదా, సిస్టరమ్మా."

కాదనడానికి లేదు. అన్నీ నిజాలే. బీపీ చూస్తే ఇంకా దిగుతోంది.

"అక్కడ ప్రాణం పోయేదాకా పెడతారన్నా. ఇక్కడ రెప్పపాటే. మాకు కూడా కరెంటు తగలకూడదని జరుగుతాం. అది అవగానే ముందు మీ చెయ్యి పట్టుకునేది నేనే. అమ్మతోడు."

కానీమన్నట్టు తలూపి, కాగితం మీద సంతకం పెట్టాడు.

మత్తిచ్చాం. "క్లియర్" అన్నారు డాక్టరు, అందరం జరిగాం. ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది. మానిటర్ మీద గీత నెమ్మదించి ఒకే లయలో నడక పట్టింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచి, తన చేతినీ నన్నూ చూసుకుని, "ఇంగ ఇడువమ్మా, అందరూ చూస్తాండారు" అని సిగ్గుపడ్డాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ప్యాడ్లు అంటించే ముందు ప్రతి పేషెంటుకూ రెండు మాటలు చెబుతాను: మేమెందుకు దూరం జరుగుతామో, జరిగాక మొదట ఎవరు దగ్గరికొస్తారో. చాలామంది ఆ రెండోదాన్నే మళ్లీ చెప్పించుకుంటారు.