పసుపు మిషన్ వంతు నేర్పడానికి బోధన్ దాకా

ఉదయం ఆరున్నర బస్సుకు సిరికొండలో ఎక్కాం, నేనూ రజితా. రజిత డిగ్రీ చదివింది, మా మహిళా సంఘం పుస్తకాలు రాస్తుంది. నేను యాభై రెండేళ్లకు అక్షరాలు దిద్దినదాన్ని, ఇప్పుడు అరవై నాలుగు. ఆడవాళ్లకు బస్సు ఖర్చు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. కిటికీ అద్దం సగం వరకే వస్తుంది కాబట్టి చలికాలం పోయేవాళ్లు శాలువా మరిచిపోవద్దు.

ఎందుకు పోయామో చెప్పాలి. మా మహిళా సంఘంతో కలిపి ఆరు రైతు సంఘాలు పసుపు ఉడికించే మిషన్లు నాలుగు, చెరుకు కోసే మిషన్ ఒకటి తెచ్చుకున్నాయి. ఎవరి వంతు ఎప్పుడు, వాడినాక ఎవరు కడగాలి, చెడిపోతే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ ఆరు సంఘాల్లోనూ ఒకే తీరుగా, ఫోన్‌లో నడవాలని ఒక పద్ధతి పెట్టారు. సంఘానికి ఇద్దరు చొప్పున మూడు రోజులు నేర్చుకోవాలి. అందులో బోధకులుగా పాసైనవాళ్లు ఊరికి వచ్చి మిగతావాళ్లకు నేర్పాలి. బోధకులు లేని సంఘానికి ఈ పంటకు మిషన్ రాదు. మా సంఘంలో నలభై ముగ్గురం. నెల తిరిగితే పసుపు తవ్వకం. తవ్విన పసుపు ఉడకకుండా కుప్పలో ఎక్కువ రోజులు పడి ఉంటే మెత్తబడుతుంది, రంగు పోతుంది, బేరగాడు మొహం తిప్పుకుంటాడు. మా నలభై ముగ్గురి ఏడాది కష్టం ఆ మిషన్ మీద ఉంది.

ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండ్‌లో దిగి ఇడ్లీ తిన్నాం. శిక్షణ హాలు దాకా షేర్ ఆటో, మనిషికి ఇరవై. పక్కన కూర్చున్న ముసలాయన నా చేతిలో సంచి, నోటుబుక్కు చూసి, "గీ వయసుల ఏం బడికి పోతున్నవ్ అక్కా?" అన్నాడు.

"పంతులమ్మ కొలువుకు పోతున్న," అన్నాను. రజిత కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కిరణ్ సారు శిక్షణ ఇచ్చాడు. మర్యాదగల పిల్లవాడే. కానీ గోడ మీద వేసిన బొమ్మల్లో ఒక్క తెలుగు ముక్క లేదు. పన్నెండు మందిలో ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు నలుగురు. మిగతావాళ్లం గోడను చూసి తలలూపాం. తెలుగులో అచ్చువేసిన పుస్తకం మాత్రం ఒకటి మా చేతుల్లో పెట్టారు. దాన్ని ఎవరూ తెరవమనలేదు. మధ్యాహ్నం బగారన్నం, వంకాయ కూర పెట్టారు. బాగున్నాయి, అబద్ధం ఆడను.

తరువాత ఆట పెట్టారు. ఉత్తుత్తి పేర్లతో ఫోన్‌లో మిషన్ బుక్ చేయాలి. ఎవరు ముందు నొక్కితే వంతు వాళ్లది. రజిత టక్కున నొక్కింది, మొదటి వంతు ఆమెకే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచాను. "సారూ, రజిత పసుపు ఇంకా భూమిలనే ఉన్నదనుకో. నాది తవ్వి కుప్ప పోసిన. మిషన్ ఆమె ఇంటి ముందట ఖాళీగ నిలబడితే, నా కుప్ప మురగాల్నా?"

"అమ్మా, సిస్టమ్ అందరికీ ఒకటే. లోకల్ సమస్యలు తరువాత చూద్దాం," అన్నాడు సారు.

లోకల్ సమస్యట! మా దగ్గర వంతు ఎప్పుడూ ముందు అడిగినవాళ్లది కాదు, ముందు తవ్వినవాళ్లది. ఇద్దరు ఇరుగుపొరుగు వచ్చి కుప్ప చూసి సరే అంటేనే వంతు ఖాయమవుతుంది. వాళ్ల పద్ధతి పెడితే తవ్వకానికి నెల ముందే ఫోన్ ఉన్న ప్రతివాళ్లూ నొక్కి కూర్చుంటారు. ఫోన్ లేని ముసలమ్మల కుప్పలు మురుగుతాయి.

బస హాస్టల్‌లో. గదికి నలుగురు, వేడినీళ్లు బకెట్ చొప్పున ఇస్తారు. ఏడున్నరకు అన్నం తిని, మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుంటే నేను ఆ పుస్తకం పట్టుకున్నాను. నేను చదివితే వేలు పెట్టి ప్రతి మాటా చదువుతాను. దాటేసి చదవడం నాకు రాదు. పద్నాలుగో పేజీలో దొరికింది: "సరుకు సిద్ధమైన తేదీని బట్టి వంతు నిర్ణయించాలి. ఆ తేదీని ఇద్దరు సభ్యులు ధ్రువీకరించాలి." మూడుసార్లు చదివాను. రజితను లేపి చదివించాను. అదే ఉంది. మా పద్ధతే! ఎవరో తెలిసినవాళ్లు రాశారు, నేర్పేవాళ్లు చదవలేదు.

రెండోరోజు తొమ్మిదిన్నరకే పుస్తకం సారు ముందు పెట్టాను. సారు చదివాడు, ఫోన్ చూశాడు, ఎవరికో ఫోన్ చేసి బయటికి పోయాడు. వచ్చి, "ఒక ఆప్షన్ ఆన్ చేయాలి, మా వాళ్లు స్లైడ్స్‌లో పెట్టలేదు," అన్నాడు. ఆన్ చేశాక వంతులన్నీ తిరగబడి సరైన వరుసలో పడ్డాయి. పదకొండింటికి పెద్ద సారు ఒకాయన చూడవస్తే, కిరణ్ సారు ఆయనకు ఇదంతా తానే కనిపెట్టినట్టు చెప్పాడు. నా వైపు చూడలేదు. లేచి అడగబోయాను. రజిత చేయి పట్టి ఆపింది కాబట్టి ఊరుకున్నాను.

మూడోరోజు బోధన్‌లో పరీక్ష. ఎనిమిదింపావుకు నిజామాబాద్‌లో బస్సు, గంట ప్రయాణం. దారిలో చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నడకకు దిగింది. ఒక్కొక్కరు అక్కడి సంఘం షెడ్డులో, నిజమైన రైతుల ముందు పది నిమిషాలు పాఠం చెప్పాలి. కూర్చున్నవాళ్లలో కొందరు తమలో తాము మరాఠీ మాట్లాడుకుంటున్నారు. నా వంతు రాగానే వాళ్ల పెద్ద గంగారాం నవ్వాడు. "సిరికొండ అడవికెళ్లి అచ్చి మాకు చెరుకు చెప్తవా అవ్వా?"

"చెరుకు నువ్వు చెప్పు బాపూ, వంతు నేను చెప్త. కోసిన చెరుకు ఆగితే ఏమైతది?"

"ఎండి తూకం పోతది. గందుకే నాటిన తారీఖు పట్టి కోతకు చిట్టీలు రాస్తుంటిమి మేము."

"గదే పద్ధతి గీ ఫోన్ల ఉన్నది. ఎవరు ముందుగాల నాటిండ్రో చేతులెత్తుండ్రి."

ఎత్తారు. ఎత్తినవాళ్లను వరుసగా నిలబెట్టాను, వాళ్లకు రెండు పక్కలా నిలబడినవాళ్లు సాక్షులన్నాను. ఒకామె, "మిషన్ చెడిపోతే నా వంతు పోతదా?" అని అడిగింది. పుస్తకంలో ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. తెలియదన్నాను, అక్కడే పేజీ తీసి చదివి చెప్పాను: పోదు, బాగైనాక ఆమెదే మొదటిది. నాకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఎవరూ లేచి పోలేదు. రజిత భయపడి గోడ బొమ్మల్లో చూసిందే అప్పజెప్పి నాలుగు నిమిషాల్లో దిగింది.

జొన్నరొట్టె, పప్పు తిన్నాక మూడింటికి పేర్లు చదివారు. రజిత బోధకురాలు. నాకు "పాల్గొన్నారు" అని ఒక కాగితం. పోయి అడిగాను.

కిరణ్ సారు తల దించుకున్నాడు. "అమ్మా, మీ పాఠమే బెస్ట్. కానీ బోధకులకు పదో తరగతి ఉండాలి. ఫారంలో ఆ గడి ఖాళీ ఉంటే ముందుకు పోదు."

"గడి ఖాళీ ఉన్నది నిజమే. పద్నాలుగో పేజీ చదివినప్పుడు నీకు గా గడి యాదికి రాలే?"

గంగారాం వెనక నుంచి, "గీ అవ్వ పంతులమ్మ కాకుంటే మేమందరం బడి ఎగ్గొట్టినోళ్లమే సారూ," అన్నాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. నా కాగితాన్ని బల్ల మీదే వదిలేశాను. ఫోటోకు నిలబడలేదు.

నాలుగింటికి బోధన్‌లో బస్సు, నిజామాబాద్‌లో మారి ఐదూ నలభైకి సిరికొండ బస్సు. ముందుముందు ఈ శిక్షణకు పోయేవాళ్లకు నా మాట: బస బాగుంది, తిండి బాగుంది, పద్ధతి అంతకన్నా బాగుంది. మా రైతుల తెలివే దాంట్లో ఉంది. కానీ ఆ తెలివి ఉన్నవాళ్లను గుమ్మం బయట నిలబెట్టి నేర్పుతున్నారు. గోడను నమ్మకండి, పుస్తకం మొదటి పేజీ నుంచి చదవండి.

బస్సులో రజిత గుసగుసగా అంది. "అవ్వా, సోమవారం మీటింగుల పాఠం నువ్వే చెప్పు. సంతకం నేను పెడ్త."

"నోరు నాది, పేరు నీదా? నేను చెప్ప. నువ్వే నేర్చుకో. మన నలభై మూడు మంది కుప్పలు నీ చేతుల ఉన్నయి."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను జాలిపడలేదు. ముందు సీటులో పసుపు పండించే ఆమె ఒకరు కూర్చుంటే, ఆమెకు ఆ పాఠం చెప్పమని రజితతో అన్నాను. మొదటిసారి రజిత తేదీ మరిచింది. రెండోసారి సాక్షులను మరిచింది. ఆ ముందు సీటామె వాన పడితే ఎట్లా, మిషన్ ఆలస్యమైతే ఎట్లా అని గట్టిగానే నిలదీసింది. నాలుగోసారికి రజిత తడబడకుండా మొత్తం చెప్పింది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. యాడ నేర్చుకున్నవ్?" అంది ఆమె.

"నిజామాబాద్ల ట్రైనింగు..." అని ఆగి, రజిత నా వైపు చూసింది. "కాదు. గీ అవ్వ దగ్గర."

"గీ మాట బస్సుల చెప్పుడు కాదు," అన్నాను నేను. "సోమవారం అందరి ముందట చెప్పు. రిపోర్టుల రాయి."

రజిత సిరికొండలో దిగి సంచులు సర్దుకున్నాక, "చెప్త అవ్వా. రాస్త కూడ," అంది.

రాస్తుందో లేదో, సోమవారం ఆ రిపోర్టు తీసుకొని నేనే చదువుతాను. వేలు పెట్టి, ప్రతి మాటా.