సెల్ఫ్ స్టార్టరూ, దారి పొడుగునా కాఫీలూ: అమలాపురం నుంచి రాజోలుకి స్కూటరు మీద

రాజోలులో ఒక కాలేజీ వాళ్ళు వచ్చే జూన్ నుంచి చరిత్ర విభాగం చూసుకోమని నన్ను అడిగారు. శనివారం వచ్చి కాలేజీ చూసి, అవునో కాదో అక్కడే చెప్పమన్నారు. నాకు చేరాలనే ఉంది. కానీ మా కాపురం అమలాపురంలో. బస్సులను నమ్ముకుంటే మొదటి పీరియడు ఎప్పటికీ అందదని, రాజోలులో గది తీసుకుని ఆదివారాలు ఇంటికి రమ్మని మా వారి సలహా. నలభై దాటాక మళ్ళీ హాస్టలు పిల్లలా గదిలో ఉండడం నాకు ఇష్టం లేదు. ఆరు నెలల కిందట కొన్న స్కూటరు ఉంది కదా అన్నాను. "ముందు దాని బ్యాటరీని అడుగు, వస్తానంటుందేమో" అన్నారాయన. అందుకని శనివారం ప్రయాణాన్నే పరీక్షగా పెట్టుకున్నాను. ఎవరి చేయీ పడకుండా నేనూ నా బండీ రాజోలు చేరితే సరేనంటాను, లేకపోతే లేదు.

ఆయన వెక్కిరింపులో న్యాయం లేకపోలేదు. నాది బటన్ నొక్కితే స్టార్టయ్యే చిన్న స్కూటరు. చీరతో కిక్ కొట్టే బాధ ఉండదనే కొన్నాను. ఈ ఆరు నెలల్లో దాని బ్యాటరీ రెండుసార్లు పడుకుంది. మా ఊళ్ళో ఛార్జింగు షాపులో బ్యాటరీలన్నీ బెంచీ మీద వరసగా పెట్టి రాత్రంతా కరెంటు ఎక్కిస్తారు, చిన్నదానికి మూడు రూపాయలు. శుక్రవారం సాయంత్రం ఇచ్చినప్పుడు షాపాయన, "దీని పని అయిపోయిందండీ. ఎన్నాళ్ళు తిప్పుతారు, కొత్తది వేయించేసుకోండి" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. నమ్మకపోవడానికి కారణమూ దొరకలేదు.

పొద్దున్నే బ్యాటరీ తెచ్చి బండికి వేయించుకుని ఏడింటికి బయల్దేరాను. రాజోలుకి దగ్గర దారి బోడసకుర్రు రేవు మీదుగా, కానీ పడవలోకి బండి ఎక్కించాలంటే నలుగురు పట్టాలి. నా పరీక్షకు అది పనికిరాదు. అందుకే అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా చుట్టు దారి పట్టాను. రెండు లీటర్ల పెట్రోలుకు పదిహేను రూపాయల పైన అయింది, రానూపోనూ చాలింది. బండారులంకలో మాకు చీరలు నేసి ఇచ్చే ఆయన మగ్గం దగ్గర నుంచే పిలిస్తే ఆగాను. అంబాజీపేటలో మా పిన్ని ఏకంగా రోడ్డు మీదికే వచ్చేసింది.

"ఏవమ్మా, గుమ్మం ముందు నుంచి అలా వెళ్ళిపోదామనే? మీ బాబాయి గారు చూసేరంటే నన్ను బతకనిస్తారా?"

"పని మీద వెళ్తున్నాను పిన్నీ."

"పని ఎక్కడికీ పోదులే. దిగు, పెసరట్టు వేస్తున్నాను."

దిగకుండా ఎలా వెళ్తాను? ఆ తర్వాత బాబాయి గారి తమ్ముడింట్లో కాఫీ. గన్నవరంలో నా పాత విద్యార్థిని మేరీ సుజాత ఇల్లు, ఇప్పుడు తను బళ్ళో టీచరు. అక్కడా కాఫీయే. బయటికి వచ్చి బటన్ నొక్కితే బండి గొంతు పట్టేసినట్టు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. నేను కిక్ మీద కాలు పెట్టేలోపే సుజాత భర్త పరుగున వచ్చాడు.

"మీరెందుకండీ, ఉండండి మేడం గారూ. మేం లేమా?"

ఒక్క తన్నుకి స్టార్టు చేసి ఇచ్చాడు. థాంక్స్ చెప్పాను గానీ లోపల ఉసూరుమంది. ఆ లెక్కన పరీక్ష తప్పినట్టే. రోజూ దారిలో ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తే తప్ప నడవని ఉద్యోగం ఎందుకు?

బండి కదిలాక ఆలోచన మొదలైంది. బటన్ నొక్కిన ప్రతిసారీ బ్యాటరీ ఒక్క గుక్కలో బోలెడు ఖర్చు పెడుతుంది. అది తిరిగి నిండాలంటే ఇంజను కొంతసేపు ఆగకుండా తిరగాలి. నా బండి తిరిగేదెక్కడ? ఒక కాఫీకీ మరో కాఫీకీ మధ్య. అమలాపురంలోనూ అంతే, ఇల్లు, ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీ, మధ్యలో పలకరింపులు. పోయింది బ్యాటరీ కాదు, మా కోనసీమ మర్యాదే దాన్ని తాగేస్తోంది. నిజమేనా, లేక షాపాయన మాటే నిజమా? తేలాలంటే ఒకటే దారి, ఇక రాజోలు దాకా ఎక్కడా ఆగకూడదు.

ఆ నిర్ణయం గన్నవరం ఆక్విడక్టు దాటే దాకా కూడా నిలవలేదు. గోదావరి మీదుగా కాలవనీ రోడ్డునీ దాటించే ఆ వంతెన ఇరుకు, ఎదురుగా బస్సు వస్తే ఇవతలి వాళ్ళు ఆగాల్సిందే. ఆగాను. అలవాటు కొద్దీ ఇంజను ఆపేశాను. ఆపాక గాని తెలిసిరాలేదు. ఎదురు బస్సు దాటిపోయింది. బటన్ పలకలేదు. నా వెనక రాజోలు బస్సు, దాని వెనక కొబ్బరికాయల బళ్ళు. బస్సు డ్రైవరు దిగి వచ్చాడు.

"తప్పుకోండి మేడం గారూ, నే కొట్టేస్తాను."

"వద్దండీ. నేనే కొడతాను."

"కాలు బెణుకుద్దండీ."

"నా కాలే కదండీ."

బండిని పెద్ద స్టాండు మీదికి లాగి, కుచ్చిళ్ళు ఎత్తి నడుంలో దోపుకున్నాను. బస్సు కిటికీల్లో అందరి తలలూ ఇటే. మొదటి మూడు తన్నులకీ చెప్పు జారింది. చెప్పులు విప్పేసి మళ్ళీ తన్నాను. రెండో తన్నుకి అంటుకుంది. డ్రైవరు తలకాయ ఊపి, "ఆయ్, బాగుందండీ. మా బస్సు పాసింజర్లు తోస్తే గాని కదలదు. అందుకే నేను ఇంజనే ఆపను. టీ కూడా స్టీరింగు దగ్గరికే తెప్పించుకుంటాను" అన్నాడు.

తాటిపాక దాటి రాజోలు చేరే వరకు ఎక్కడా ఆగలేదు. కాలేజీలో గంటన్నర కూర్చున్నాను. ప్రిన్సిపాలు గారు చివరికి అడిగారు, "మరి ఏమంటారండీ?" "ఒక్క నిమిషం ఉండండి, బండి స్టార్టు చేసి వచ్చి చెప్తాను" అన్నాను. ఆయన ఏమనుకున్నారో గాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వరండా దిగి బటన్ నొక్కాను. ఒక్క క్షణం తటపటాయించి స్టార్టయింది. దాన్ని అలాగే తిరగనిచ్చి లోపలికి వెళ్ళి, జూన్‌లో చేరతానని చెప్పాను.

ఆ బటన్ పలకకపోతే ఏం చేసేదాన్నని తిరుగు దారంతా ఆలోచించాను. చెప్పులు విప్పి తన్నేదాన్ని, అంతే. గన్నవరంలో సుజాత భర్త పరుగెత్తుకు రాకపోయినా అదే చేసేదాన్ని. అంటే జవాబు ఆక్విడక్టు మీదే తేలిపోయిందన్నమాట. అయినా నా సందేహాలు ఒక రుజువుతో తృప్తిపడేవి కావు, రెండోది కూడా చూపించాలి. అంబాజీపేటలో పిన్ని మళ్ళీ రోడ్డు మీదే ఉంది. ఇంజను ఆపలేదు. "దిగవేమే?" అంది. "దిగితే ఇది పడుకుంటుంది పిన్నీ, కాఫీ ఇక్కడికే తెచ్చిపెట్టు" అన్నాను. గొణుక్కుంటూనే తెచ్చింది. నేను తాగుతున్నంతసేపూ బండి వంకే చూసి, "దీనికేమైనా పెట్టాలా?" అంది.

ఈ దారిన ఇలాంటి చిన్న బండి మీద వెళ్ళే వాళ్ళకు ఒక మాట. పొద్దున్న మొదటి స్టార్టు కిక్‌తోనే కొట్టండి, బటన్‌ని దారిలో అవసరానికి దాచుకోండి. చీరైతే చెప్పులు విప్పి తన్నండి, జారదు.