దుప్పట్లక్క పిలుపు

మీరు దుప్పట్లక్కని తప్పకుండా కలవాలి. పెద్దాసుపత్రికి వెళ్లి, వరండాలన్నీ దాటుకుని, బోర్డు కూడా లేని మెట్లు దిగితే నేల కింద లాండ్రీ ఉంటుంది. గుండ్రటి అద్దాల మెషీన్లు వరసగా తిరుగుతుంటాయి. ఆ ఆవిరిలో, ఆ రొదలో, మోచేతుల దాకా ఎర్రబడిన చేతులతో ఒకామె తడి దుప్పట్లు బయటికి లాగుతూ ఉంటుంది. ఆమే. పీలగా ఉంటుంది కానీ, నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కిన దుప్పటిని ఒక్క దులుపు దులిపిందంటే పక్కనున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేయాల్సిందే. "పైన డాక్టర్లకి మనుషులు మొహాలతో గుర్తుంటారు, నాకు మరకలతో గుర్తుంటారు" అని నవ్వుతుంది. నవ్వడం ఈ మధ్య బాగా తగ్గించింది. ఎందుకో చెబుతాను.

ఆసుపత్రిలో ఆమె దుప్పట్లక్క. వాళ్లవాళ్లలో మాత్రం ఆమెని 'పిలిచే మనిషి' అంటారు.

వాళ్లవాళ్లంటే ఒకప్పుడు కొండ మీద ఉన్నవాళ్లు. కొండలో పనికొచ్చే రాయి ఉందని ఎవరో కనిపెట్టారు. కొండ పోయి గొయ్యి మిగిలింది. దిగొచ్చినవాళ్లంతా ఊరి చివర పెచ్చులూడిన ఒక పాత బిల్డింగులో సర్దుకున్నారు. బళ్లో పిల్లలు నవ్వులపాలవుతున్నారని ఇళ్లలో కొండ మాట మానేశారు. మిగిలింది ఒక డోలు, ఒక పాట.

ఆ పాట పెళ్లిళ్లకి కాదు, చావులకి కాదు. మనిషి మంచం పట్టినప్పుడు, లేదా బిడ్డ పోయి గోడవైపు తిరిగి పడుకుని ఎవరెంత బతిమాలినా లేవనప్పుడు, అదే, ఒళ్లు ఇక్కడుండి మనిషి ఇంకెక్కడో ఉన్నప్పుడు పాడే పాట. పిలిచే మనిషి డోలు ఒళ్లో పెట్టుకుని ముందు కొండని పిలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కొండ తరఫున 'ఉన్నా' అంటారు. తర్వాత వాగుని పిలుస్తుంది. తర్వాత పోయిన తాతల్ని, ముత్తవ్వల్ని, ఒక్కొక్కరినీ. కొండా లేదు, వాగూ లేదు కదా అని ఎవరూ అడగరు. పాట నడిచినంతసేపూ అవి ఉంటాయి. అందరూ అయ్యాక ఆఖరున ఆ మనిషి పేరు. దానికి మాత్రం ఎవరూ వంత పలకకూడదు. ఆ మనిషే, తన నోటితోనే, 'ఉన్నా' అనాలి.

అన్నవాళ్లు లేచారు. పసిగుడ్డుని పోగొట్టుకుని పలుకూ ఉలుకూ లేకుండా పడున్న ఒక తల్లి దుప్పట్లక్క పిలిస్తే 'ఉన్నా' అని బావురుమంది, మర్నాడు జుట్టు దువ్వుకుంది.

అనకపోతే? పేరు ఒక్కసారే పిలుస్తారు. బదులు రాకపోతే ఆ మనిషి పోయినవాళ్ల లెక్కలోకి పోయినట్టే. గుండె కొట్టుకుంటున్నా సరే, వాళ్లవాళ్లెవరూ ఆ మనిషితో ఇక మాట్లాడరు.

దుప్పట్లక్క ఇది చిన్నప్పుడే చూసింది. ఆమెకొక మేనమామ ఉండేవాడు. అప్పుడు పిలిచే మనిషి దుప్పట్లక్క వాళ్లమ్మ. సొంత తమ్ముడు జ్వరంతో తెలివి లేకుండా పడుంటే ఆగలేక పిలిచేసింది. బదులు రాలేదు. తర్వాత జ్వరం తగ్గింది, ఆయన లేచి కూర్చున్నాడు. అన్నం పెట్టారు, పక్క వేశారు, మాట మాత్రం ఎవరూ కలపలేదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ వరసలు పెట్టి పలకరించేవాడు. గోడకి చెప్పుకున్నట్టే. ఈ పిల్ల ఒకసారి పెరటివైపు వెళ్లి మెల్లగా "మావయ్యా" అంది. వాళ్లమ్మ వీపు చిట్లగొట్టింది, కొట్టి తనూ ఏడ్చింది. కొన్నాళ్లకి ఆయన రాళ్లు తవ్వే గోతివైపు నడుచుకుంటూ వెళ్లాడు. పోయినవాడు మళ్లీ ఎక్కడికి పోతాడని ఎవరూ వెతకలేదు.

అందుకే దుప్పట్లక్క ఎవరిని పడితే వాళ్లని పిలిచేది కాదు. ముందు వెళ్లి పక్కన కూర్చునేది, కళ్లు చూసేది, గొంతులో ప్రాణం ఎంతుందో చూసుకునేది. బదులు వస్తుందని గట్టిగా అనిపిస్తేనే డోలు తీసేది.

ఇక ఆమె తమ్ముడు. సిటీ బస్సు కండక్టరు. వాగుడుకాయ అని ముద్దుపేరు. వాడు సెలవు పెడితేనే బస్సుకి ఇంజనుందన్న సంగతి తెలుస్తుందని డ్రైవరు అనేవాడు. "జరగండి తాతా, ముందుకి జరగండి, ముందున్నవాళ్లు మీ పిల్లనేం అడగరు" అని ఒకటే గోల. బయటి పిల్లని ప్రేమించి చేసుకున్నాడు. ఆమె జెరాక్స్ షాపులో పనిచేస్తుంది. కొండ మాట ఒక్క ముక్క రాదు.

ఒక పొద్దున ఫుట్‌బోర్డు మీద నిలబడి స్టాపు పేరు సగం అరిచి, అక్కడే కూలిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. వాడి దుప్పట్లు కూడా కిందికే వచ్చేవి. వాటిని మాత్రం ఆమె వేరేగా ఉతికేది.

మాట నేర్పే డాక్టరమ్మ ఒకామె రోజూ వచ్చి వాడి ముందు బొమ్మలు పెట్టేది. కప్పు, గొడుగు, కుర్చీ. వాడు నోరు తెరిచేవాడు, మెడ నరాలు ఉబ్బేవి, చివరికి "బ, బ" అని ఆగిపోయి మొహం పక్కకి తిప్పుకునేవాడు.

"మాట పోయినా కొందరికి పాట మిగులుతుంది" అందామె ఒకరోజు. "చిన్నప్పటి నుంచి నోట్లో నానిన పాట ఏదైనా ఉందా? కలిసి పాడి చూద్దాం."

మరదలు వదినవైపు చూసింది. దుప్పట్లక్క కిటికీవైపు చూసింది.

"ఉంది కదా వదినా" అంది మరదలు.

"అది పాడుకునే పాట కాదమ్మా."

"ఊరందరికీ పాడావు. నా మొగుడి దగ్గరికొచ్చేసరికి పాడుకునే పాట కాకుండా పోయిందా?"

దుప్పట్లక్క మేనమామ సంగతి మొత్తం చెప్పింది. మరదలు విన్నంతసేపూ విని, "అయితే పేరు దాకా వెళ్లకు. అంతకు ముందే ఆపెయ్" అంది. వినడానికి ఎంత తేలికో.

వానాకాలం కావడంతో డోలు చర్మం సాగిపోయి తుస్సుమంటోంది. కొండ మీదైతే మంట సెగ చూపించేవాళ్లు. ఇక్కడ డ్రయ్యర్ మెషీను మూత మీద పెట్టి కాచింది. చర్మం బిగిసి ఖణేల్మంది. పైకి పట్టుకెళ్లి, డాక్టరమ్మ ముందే, వాడి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టింది.

కొండని పిలిచింది. వాడి కళ్లు తిరిగాయి. వాగుని పిలిచింది. వాడి పెదాలు కదిలాయి. ముత్తవ్వల దగ్గరికొచ్చేసరికి వాడి గొంతు ఆమె గొంతు వెనకే వచ్చింది. వంకర నోటిలోంచి, కానీ మాటలు మాటలుగా, ఒక్క అక్షరం పోకుండా. డాక్టరమ్మ చేతిలో కప్పు బొమ్మ అలాగే ఉండిపోయింది. మరదలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చాక ముక్కు తుడుచుకుని, "మాట వస్తే చాలనుకున్నాను. వచ్చిందేమో నాకు అర్థం కాని మాట. ఇక మా కాపురం సైగలమీదే" అంది. అందరూ నవ్వారు. వాడు కూడా.

ఆ తర్వాత రోజూ పాడారు. పేరుకి ముందు ఆగిపోయేవాళ్లు. పాటలో ఉన్న మాటలన్నీ వాడికి తిరిగొచ్చాయి, రాయి, నీళ్లు, అవ్వ, దారి. పాట బయట మాత్రం మళ్లీ "బ, బ"నే. అక్కడితో ఆగింది. మెల్లగా వాడికి విసుగు మొదలైంది. ఆమె ఆపినచోట ఎడమచేత్తో మంచం ఊచ మీద బాదేవాడు. ముందరి చరణం తనే ఎత్తుకుని, ఆమె మొహంలోకి చూస్తూ ఆగేవాడు. పిలువు అని.

ఈలోగా గేటు పెద్దనాన్న వచ్చాడు. గోడౌను దగ్గర వాచ్‌మన్. బిల్డింగులో అందరికీ పెద్దనాన్నే, వాళ్లవాళ్లలో పెద్ద దిక్కు. మనిషి మెత్తన.

"డోలు సెగ చూసిందని విన్నానమ్మా" అన్నాడు.

"మాట కోసం పాడుతున్నాం పెద్దనాన్నా. పిలుపు కాదు."

"కొండని పిలిచావు, ముత్తవ్వల్ని పిలిచావు. అందరినీ తెచ్చి గుమ్మంలో నిలబెట్టి, ఎందుకు పిలిచావో చెప్పకుండా రోజూ తిప్పి పంపుతున్నావు. అది పద్ధతేనా?" గొంతు పెంచలేదు. "నీ తమ్ముడు. నీకు భయం. నాకు తెలుసు. నేను బయట వరండాలో కూర్చుంటాను. అన్నాడో లేదో నువ్వు చెప్పు చాలు. పిలిచే మనిషి మాటే మాట."

ఆమె పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. తమ్ముడి మంచం మీదికి వంగి అడిగింది.

"నీకు మావయ్య గుర్తున్నాడు కదా?"

వాడు కళ్లు మూసి తెరిచాడు. అవునని.

"బదులు రాకపోతే నేను కూడా నీతో మాట్లాడకూడదు రా. ఈ మొహం పెట్టుకుని నీకు అన్నం తినిపిస్తాను, ఒక్క మాట ఉండదు. తెలుసా?"

మళ్లీ కళ్లు మూసి తెరిచాడు. ఎడమచేత్తో డోలుని ఆమె ఒళ్లోకి తోశాడు.

మధ్యాహ్నం. గదిలో ముగ్గురే. తలుపు దగ్గరగా వేసి, అవతల బెంచీ మీద పెద్దనాన్న. కొండ, వాగు, ముత్తవ్వలు. వాడు ప్రతిదానికీ వంత పలికాడు, గొంతు ఎప్పటికంటే గట్టిగా ఉంది. ఆ గొంతు విని ఆమెకి ధైర్యం వచ్చింది. పిలిచింది, వాడి పేరు.

వాడు నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొహం ఎర్రబడింది. ఊపిరి బయటికొచ్చింది, అందులో శబ్దం లేదు. అంతసేపూ ఆమె గొంతు వెనకే నడిచొచ్చిన మాటలకి ఇప్పుడు ముందు నడిచే గొంతు లేదు. వాడు ఒక్కడే అనాలి. కళ్లలోంచి నీళ్లు కారాయి. చివరికి ఎడమచెయ్యి ఎత్తి డోలు మీద బలంగా ఒక్క దెబ్బ వేశాడు. ఇంకోటి. ఇంకోటి.

"వదినా, చెయ్యి చెప్పింది కదా. అది చాలదా?" అంది మరదలు.

చాలదు. దుప్పట్లక్కకి తెలుసు. నోటితోనే అనాలి. ఆమె వేళ్లు డోలు మీద ఆగిపోయాయి. పాట అయిపోయింది.

తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. పెద్దనాన్న లేచి నిలబడ్డాడు.

"డోలు వినపడింది" అన్నాడు. "అన్నాడా?"

"అన్నాడు."

"నోటితోనేనా?"

"నోటితోనే. మెల్లగా అన్నాడు పెద్దనాన్నా. మీకు వినపడి ఉండదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులతో ఆమె తల నిమిరి వెళ్లిపోయాడు.

వాడు ఇంటికొచ్చాడు. బిల్డింగంతా పలకరించింది. కర్ర పట్టుకుని మెట్ల మీద ఆయాసపడుతుంటే, "కండక్టరూ, దారికడ్డంగా నిలబడ్డావు, ముందుకి జరుగు" అని ఆటపట్టించేవాళ్లు. అలా అలా, పాట బయటి మాటలు కూడా ఒకటీ అరా రావడం మొదలైంది. టీ. చెప్పు. పో. పెళ్లాం పేరు పలికిన రోజు ఆమె షాపుకి సెలవు పెట్టింది. డాక్టరమ్మ కూడా, చుట్టూ మనుషులు మాట్లాడుతుంటే ఇలాగే మెల్లగా వస్తుందని సంతోషపడింది.

అక్క మాత్రం డోలుని పాత దుప్పట్లో చుట్టి బీరువా మీదకి ఎక్కించేసింది. మణికట్టు నొప్పి అంది. అబద్ధమాడిన నోటితో ఇంకొకరి పేరు ఎలా పిలుస్తుంది? ఇక నుంచి ఏ పేరుకి బదులొచ్చినా, రాకపోయినా, ఆ మాట ఎవరు నమ్మాలి? బయట ఎవరికీ తెలియకపోయినా ఆమెకి తెలుసు కదా.

తర్వాత పై అంతస్తు దర్జీ కొడుకు రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయాడు. దర్జీ కుట్టుమిషను మీద బట్ట కప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడు, మాట్లాడడు. దర్జీ భార్య వచ్చి గుమ్మంలో కూలబడింది.

"అక్కా, ఒక్కసారి పిలువు. కళ్లు చూశాను, ఇంకా ఉన్నాడు లోపల. బదులిస్తాడు. నీ తమ్ముడిని లేపావు కదా."

"మణికట్టు బాగాలేదమ్మా."

"నొప్పికి మందు నేను రాస్తాను. డోలు నేను పట్టుకుంటాను. నువ్వు పేరు ఒక్కటి పిలువు."

లోపల మంచం మీద తమ్ముడు లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు. ఆ రోజు తను ఏం అన్నాడో, ఏం అనలేదో వాడికంటే ఎవరికి బాగా తెలుసు? అక్క డోలు ఎందుకు కట్టిపెట్టిందో కూడా అప్పుడే అర్థమై ఉంటుంది. కర్ర లేకుండానే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"నేను" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నేను... ఆ రోజు... అన..."

దుప్పట్లక్క గిరుక్కున తిరిగి వాడి నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. గట్టిగా. ఆ నోట్లోంచి ఒక్క మాట రావాలని పడరాని పాట్లు పడ్డ మనిషే. వాడి ఊపిరి ఆమె వేళ్ల మధ్య వేడిగా తగిలింది. వాడు విదిలించుకోలేదు, అలాగని కళ్లు దించుకోనూ లేదు.

"దగ్గొచ్చింది పాపం" అంది దర్జీ భార్య, కళ్లు తుడుచుకుంటూ లేచి.

దర్జీ ఎక్కువ కాలం ఉండలేదు. పిలిస్తే లేచేవాడని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పిలవలేదన్నది మాత్రం ఖాయం. తమ్ముడికి ఇప్పుడు మాటలు ఇంకొన్ని వచ్చాయి. అందరితో మాట్లాడతాడు. అక్క దగ్గరికొస్తే మాత్రం నోరు విప్పడు. ఆమే మాట్లాడుతుంది, టీ తాగావా, కాలు నొప్పి తగ్గిందా అని. ఒక్కతే.

చెప్పండి, ఆ గుమ్మంలో మీరుంటే ఏం చేసేవారు? వాడి నోటి మీద చెయ్యి ఉంచేవారా, తీసేవారా?