గింజ కొరికి చెప్పే మాట

దీపావళి వెళ్లిన రెండో మంగళవారం, పొద్దున తొమ్మిదింపావు. రాజురా రోడ్డు మీది జిన్నింగు మిల్లులో ఒక రైతు పత్తి ట్రాక్టర్ నా ముందు ఆగింది. వచ్చిన పత్తి ఎండిందో తడిదో తేల్చే పని ఆ గంట వరకూ నా ఒక్కడిదే.

పత్తి చూడటం ఎలాగో తెలియనివాళ్ల కోసం చెబుతాను. మోచేతి దాకా చెయ్యి లోడులోకి దూర్చి, లోపలి పత్తి గుప్పెడు లాగాలి. అందులోంచి ఒక గింజ తీసి వెనక పళ్ల మధ్య పెట్టి కొరకాలి. టక్కుమని పగిలితే పత్తి ఎండింది. మెత్తగా అణిగితే తడి ఉంది. తడి పత్తి కుప్పలో పడితే లోపల వేడెక్కి పచ్చబడుతుంది, పక్కదాన్ని కూడా చెడగొడుతుంది. అందుకే నేను తడిదంటే లోడు వెనక్కి పోవాల్సిందే. ముప్పై ఏళ్లకు పైగా నా మాటకు ఎదురు లేదు. అందులో సగం కాలం నాకు సంతకం కూడా రాదు. యాభై దాటాక మిల్లు చీటీలు చూసి మరాఠీ, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కోడలి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. చదువు లేకపోతేనేం, పన్ను ఉంది కదా అని ఒక పొగరు ఉండేది. దాచను.

అంతకు ముందు ఏడు సేటు కూతురు మిల్లు చూసుకోవడం మొదలుపెట్టి ఒక మీటరు కొంది. దాని రెండు సూదులు పత్తిలో గుచ్చితే తేమ ఎంతో అంకె చూపిస్తుంది. “దీనికి ఆకలైతే ఏం పెడ్తవ్ బిడ్డా?” అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ తరవాత రైతుల ముందు దాన్ని బయటికి తీయలేదు.

ఇంకొక సంగతి. దసరాకు ముందు నా వెనక పళ్లు రెండు పక్కలా తీయించి, చంద్రపూర్‌లో కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను. మిల్లులో మాత్రం పెళ్లికి పోతున్నానని చెప్పి పది రోజులు సెలవు పెట్టాను.

ఆ మంగళవారం వచ్చిన రైతు నాకు కొత్తవాడు కాదు. వాళ్ల నాన్న ఎడ్లబండి మీద పత్తి తెచ్చే రోజుల నుంచి తెలుసు. ఇంకో మిల్లు గేటు తొక్కి ఎరగరు. అతని భార్య లోడు మీద కూర్చుని ఉంది.

చెయ్యి దూర్చాను. చల్లగా తగిలింది. చలికాలం పొద్దున ఏ పత్తయినా చల్లగానే ఉంటుంది, అప్పుడు చెయ్యిని నమ్మకూడదు. గింజ కొరికాను. టక్కుమనలేదు. ఇంకోటి కొరికాను. అదీ అంతే.

“తడి ఉన్నది. రెండ్రోజులు ఎండబోసి తీస్కరా.”

రైతు పరాచికమనుకుని నవ్వాడు. “ఏందన్నా పొద్దుగాల్నే. నాలుగు రోజులు ఎండబోసిన.”

“రాత్రి మంచు పడ్డదేమో.”

“తాడ్‌పత్రి పట్టా కప్పితి గద.”

పైనుంచి ఆయన భార్య అందుకుంది. “బావా, మా అత్త సచ్చిపోయిన ఏడు కూడ మేం తడి పత్తి తేలే. నా మొగని పత్తి కొరకకుంటనే తీస్కోవచ్చని నువ్వే అంటివి. ఇయ్యాల ఏమాయె?”

వెనక వరసలో ఇద్దరు రైతులు వింటున్నారు. లోడు తిరిగిపోతే పోయింది, మళ్లీ తేవచ్చు. నీళ్లు చల్లి బరువు పెంచాడన్న పేరు వస్తే అది పోదు. రైతు ముఖం నల్లబడింది. తనే ఒక గింజ తీసి కొరికాడు. టక్కుమన్న చప్పుడు నాకూ వినిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. “ఒక్క గింజతోని తెలుస్తదా?” అన్నాను.

“సరే అన్నా.” డ్రైవర్ వైపు తిరిగాడు. “తిప్పు బండి. ఇగ ఈ గేట్లకు రాం.” గొంతు కూడా పెంచలేదు.

కుప్ప వేసే ఆడవాళ్లలో పెద్దామె చీపురు పక్కన పెట్టి వచ్చి, ఒక గింజ నోట్లో వేసుకుంది. టక్. “ముసలాయనా, నీ పండ్లకేమన్న రోగమొచ్చిందా?”

అందరూ నవ్వారు. కట్టుడు పళ్లు కదులుతాయన్న భయంతో, పనిలోకి తిరిగొచ్చినప్పటి నుంచీ నేను సగం బలంతోనే కొరుకుతున్నాను. అది అప్పుడే తెలిసిందని రాస్తే అబద్ధం. కొంచెం ముందే తెలుసు.

వెళ్లి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డాను. సేటు కూతుర్ని పిలిచి, “నీ మీటర్ తే బిడ్డా” అన్నాను. ఆమె ఐదు చోట్ల గుచ్చింది. తొమ్మిది, పది, అంతే. పన్నెండు దాటితేనే మేము వద్దంటాం.

కట్టుడు పళ్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. “నా పండ్లు పోయినయ్ తమ్మీ. ఇవి పైసలిచ్చి కొన్నయ్. నీ పత్తి ఎండిందే.”

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను మాత్రం నవ్వలేదు. “లోపల పెట్టుకో అన్నా, అందరు చూస్తున్నరు” అన్నాడు. అంతసేపూ నేను అతనికి ఇవ్వని మర్యాద అది.

లోడు దించాక ఆఫీసులో సేటు కూతుర్ని అడిగాను. “నీకు ముందే తెలుసా?”

“పోయిన వారం తెలిసింది కాకా. మీరు ఇద్దర్ని వాపస్ పంపిన్రు గద. గేటు బయట వాళ్ల లోడ్లల్ల మీటర్ పెట్టి చూసిన. మంచిగనే ఉండె.”

“మరి చెప్పవా?”

“పెద్దోళ్లు. అందరి ముందల ఎట్లంట?”

“లోపలికి పిలిచి చెప్తే నోరు అరుగుతదా?”

“మీరు ఇంటుంటిరా?”

వినేవాణ్ణి కాదు. నా పెద్దరికాన్ని కాపాడటానికి ఇద్దరు రైతుల్ని మాట పడనిచ్చిందని, మిల్లు నడిపేవాళ్లు అలా చేయకూడదని ఆమెకు మొహం మీదే చెప్పాను. మీటరును ఎగతాళి చేసి ఆమె నోరు కట్టేసింది నేనేనని కూడా చెప్పాను.

మర్నాడు ఇద్దరం ఆ రైతుల ఊళ్లకు వెళ్లాం. బామ్నిలోని రైతు చాయ్ తాగించి, పత్తి మళ్లీ మాకే పంపాడు. విసాపూర్ రైతు అప్పటికే వేరేచోట అమ్మేశాడు. “నేను మాఫ్ చేస్త తియ్. ఊళ్లె నన్ను నీళ్లు జల్లినోడంటున్నరు, ఆళ్లకెవరు చెప్తరు?” అన్నాడు. అతని ఇంటి ముందే నిలబడి, దారిన పోయే ప్రతివాడికీ తప్పు నాదేనని చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు మిల్లువాళ్లకు రైతుతో ఏదో అవసరం పడిందనుకున్నారు.

ఇప్పుడు ముందు మీటరు పెడతాం. అంకెను మొదట రైతుకే చూపిస్తాం. పైన కొత్త పత్తి, అడుగున పాత పత్తి వేసి తెచ్చేవాళ్లను మీటరు పట్టలేదు. అది ఇంకా నా చెయ్యే చూస్తుంది.

విసాపూర్ రైతును నమ్మని వాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఇది రాశాను. ఆ మంగళవారం నా పన్ను తప్పు చెప్పడం చూసినవాళ్లు వీళ్లు, ఎవరినైనా అడగవచ్చు: పత్తి తెచ్చిన రైతు, లోడు మీద కూర్చున్న ఆయన భార్య, ట్రాక్టర్ డ్రైవర్, వరసలో ఉన్న ఇద్దరు రైతులు, కుప్ప దగ్గరి పెద్దామె, ఆమెతో పనిచేసే నలుగురు ఆడవాళ్లు, సేటు కూతురు, నేను.