తిరగలి పిడి, మూడరల స్టాండు

ఆంధ్ర రాష్ట్రం కొత్త, మార్కాపురంలో మా వీధికి కరెంటు కొత్త, నా కాపురమూ కొత్తే. ఆ రోజుల్లో మా ఆయన మద్రాసు పోయి మూడు పెట్టెలు మోసుకొచ్చినాడు. ఒకటి రేడియో, ఒకటి రికార్డులు పాడే ప్లేయరు, ఇంకోటి స్పీకరు. మా ఆయనంటే పరాయోడు కాదు, మా మేనత్త కొడుకే. పుట్టినప్పటి నుంచి బావా అని పిలిచిన నోరు పెళ్ళయిందని మారుతుందా? పలకల కార్ఖానాలో పని ఆయనకు. రాయిని పొరలు పొరలుగా చీల్చడంలో ఆయన చెయ్యే చెయ్యి అని పేరు. ఆ పేరు నెత్తికెక్కి చానాళ్ళయింది.

పెట్టెలైతే వచ్చినాయి, వాటికి స్టాండు లేదు. మద్రాసు దుకాణంలో మూడరలది చూసినాడంట, అట్లాంటిదే కావాలన్నాడు. గిద్దలూరు పోయి కట్టెల దుకాణమాయనతో పొద్దంతా మాట్లాడి టేకు తెచ్చినాడు. వడ్రంగి ఇంటి చుట్టూ కాళ్ళరిగేట్టు తిరిగినాడు. నన్ను చేసుకునేటప్పుడు గూడా ఇంత ఆలోచించలేదు మహానుభావుడు! ఆఖరికి పై అరలో ప్లేయరు, నడిమి అరలో రేడియో, కింది అరలో స్పీకరు పెట్టి పాట వేసినాడు. గోడకవతల వంటింట్లో నేను తిరగలి తిప్పుతున్నా. రికార్డు మీది ముల్లు ఎగిరిపడింది.

"ఏమే, ఆపు దాన్ని!"

"ఆపితే రాత్రికి రొట్టె బదులు పాట తింటావా బావా?"

ఆ తిరగలి మా అమ్మది. అర్ధవీడు నుంచి అదీ నేనూ ఒకే బండిలో వచ్చినాం. కొత్త ఊళ్ళో నాకు నలుగురు మనుషులు దొరికింది దాని పుణ్యానే. తెల్లారంగానే గొర్లోళ్ళ పెద్దమ్మ జొన్నల చాటతో వచ్చేది. చర్చి కాడి అక్క కూలికి పోయే ముందు గుప్పెడు కందులు పట్టుకొచ్చేది. ఎదురెదురుగా కూర్చొని ఒకే పిడి పట్టుకుంటే ఊరి సంగతులన్నీ పిండితో పాటు రాలేవి. అది లేకుంటే ఆ ఇంట్లో పొద్దస్తమానం గోడలతో మాట్లాడుకోవాల్సిందే నేను.

ఆయనకు అదేం పట్టలేదు. "ఆదివారం మా మేస్త్రి, బళ్ళో అయ్యవారు పాటలు వినను వస్తున్నారు. కర్ర అరలు పీకేసి పలక అరలు వేస్తా. రాయి గదా, అదరదు. దాని మీద గూడా ముల్లు ఎగిరిందా, తప్పు నీ తిరగలిదే. సోమవారం దాన్ని దర్శిలో మా అక్క ఇంటికి తోలేస్తా" అన్నాడు.

పలక అరలు తెచ్చి స్టాండుకు బిగించినాడు. నల్లగా, నున్నగా, అప్పడాల్లాగా ఉన్నాయి. కార్ఖానా మనిషి కంటికి రాయి ఎంత పలచనైతే అంత గొప్ప. మందంగా ఊడొచ్చిందాన్ని చెత్తలో పారేస్తారు. అట్లా పారేసిన దిమ్మె ఒకటి మా పెరట్లో ఉంది. గుడ్డలు ఉతికేది దాని మీదనే.

శనివారం ఆయన బయటికి పోంగానే ప్లేయరు పక్కన పలక మీద చిటికెడు ఆవాలు చల్లి, రేడియో పెద్దగా పెట్టినా. కింది అరలో స్పీకరు మోతకు ఆవాలు గంతులేసినాయి చూడండి, జాతరలో పిలకాయలు గూడా అట్ల ఎగరరు! పెరట్లోకి పోయి దిమ్మె మీద ఓ కొసన ఆవాలు చల్లి, ఇంకో కొసన దుప్పటి బాదినా. ఒక్క గింజ కదిలితే ఒట్టు. ఆయనకు చెబుదామనే అనుకున్నా. అంతలో వీధిలో మేస్త్రితో "ఇట్లాంటియి ఇంట్లో ఆడోళ్ళకేం తెలుస్తాయి" అంటా వచ్చినాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకున్నా.

ఆదివారం పెద్దమ్మనూ అక్కనూ రావద్దన్నా. తిరగలి పిడి పీకి దగ్గర పెట్టుకున్నా. వచ్చినోళ్ళు ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొని, స్పీకరు నోరు పూర్తిగా తెరిచి, పాట పెట్టినాడు. పల్లవి బాగానే పోయింది. చరణంలో దరువు అందుకోంగానే ముల్లు ఎగిరి, పాట మొదటి చరణంలోంచి మూడో చరణంలోకి దూకింది.

బావ వంటింటి గోడ వైపు తిరిగి కేకేసినాడు. "ఏమే! ఎన్నిసార్లు చెప్పాల నీకు? ఆ తిరగలి ఆపు!"

"ఎవుర్ని బావా, నన్నేనా?" అన్నా. ఆయన వెనకనే నిలబడుకోని ఉన్నా, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకోని. పళ్ళెంలో గ్లాసుల పక్కన తిరగలి పిడి పెట్టినా.

మేస్త్రికి పొలమారింది. అయ్యవారు పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కుశాలగా నవ్వినాడు. ముల్లు మళ్ళీ ఎగిరింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పాపం అనిపించింది గూడా, అదీ నిజమే.

వాళ్ళు పోయినాక పలక అర విప్పుతూ ఆగిపోయినాడు. ప్లేయరు కింద రెండు ఆవగింజలు దొరికినాయి. వాటిని అరచేతిలో వేసుకొని నాకు చూపించినాడు.

"నీకు ముందే తెలుసు గదా?"

"తెలుసు. స్పీకరు మోతకు పలక మీద ఆవాలు ఎగిరినాయి, దుప్పటి బాదినా పెరటి దిమ్మె మీద ఒక్కటి ఎగరలేదు."

"తెలిసి నలుగుర్లో నా పరువు తీస్తివి. ముందే చెప్పొచ్చు గదే?"

"గిద్దలూరాయన్ని అడిగినావు, వడ్రంగిని అడిగినావు, మేస్త్రిని అడిగినావు. నన్ను ఒక్క మాట అడిగినావా బావా? ఆఖరికి మా అమ్మ తిరగలిని ఇంట్లోంచి తోలేసేటప్పుడు గూడా అడగలేదే!" అన్నా.

బావ పెరట్లోకి పోయి దిమ్మెను దొర్లించి కడిగినాడు. ఇద్దరం చెరో పక్క పట్టి లోపలికి మోసి, పై అర తీసేసి స్టాండు నెత్తిన పెట్టినాం. పళ్ళెంలోంచి పిడి తీసుకొని వంటింట్లోకి పోయి, తిరగలికి తనే దిగ్గొట్టినాడు. మళ్ళీ వచ్చి స్పీకరు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. కింది అరలో పెట్టకుండా నా వైపు తిరిగినాడు.

"ఇది యాడ పెడదామే?" అన్నాడు.